బంద్ చేస్తే వినిపించే మాట

మా ఇంటి కంప్యూటర్ తెరుచుకోవడం మానేసిన సంగతి నాకు తెలిసింది భాద్రపదం చివరి రోజుల్లో, ఒక సాయంత్రం. కాలేజీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బటన్ నొక్కాను. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. సిస్టమ్ మొదలవడానికి కావలసిన ఒక ఫైలు కనబడటం లేదు, లేదా పాడైంది అని వాటి సారాంశం. ఆ ‘లేదా’ దగ్గర నా చూపు ఆగింది. కనబడకపోవడం, పాడవడం ఒకటి కావు. నేను భౌతికశాస్త్రం చెప్పి బతికేవాణ్ణి. రెండు వేర్వేరు సంగతులను ఒకే వాక్యంలో మూటగట్టిన ప్రకటనను ఉన్నపళంగా ఒప్పుకోవడం నాకు చేతకాదు.

అయితే ఆ సాయంత్రం నేను భయపడటానికి కారణం ఆ వాక్యనిర్మాణం కాదు. నేను కంప్యూటర్‌ను తెరవబోయింది పని చేసుకోవడానికి కాదు, బంద్ చేయడానికి.

నా భార్య మేముండే బాన్సువాడలోనే ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పేది. పెళ్ళికి ముందు నిజామాబాద్‌లో ఉండి ఆ కోర్సు చదివింది. కరోనా రోజుల్లో మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇంట్లోకి ఒక హెడ్‌సెట్ వచ్చింది. ఒక మధ్యాహ్నం నా భార్య ఒక్కతే కూర్చుని దాని మైకులో ఏదో చెప్పి, ఆ ధ్వనిని కంప్యూటర్ బంద్ అయ్యేటప్పుడు మోగే గంట స్థానంలో పెట్టింది. నాకు చెప్పలేదు. ఆ సాయంత్రం నేను ప్రశ్నపత్రం తయారు చేస్తూ, ఆమె వంటింట్లోంచి ఎన్నిసార్లు పిలిచినా లేవలేదు. చివరికి పని ముగించి బంద్ చేయగానే స్పీకర్లోంచి ఆమె గొంతు వచ్చింది:

“బంద్ చేసిండ్రా? ఇగ రాండ్రి, అన్నం సల్లగైతుంది.”

చివరి మాట మీద నవ్వు ఆపుకోలేక ఊపిరి బిగబట్టిన చప్పుడు. వెనక ఫ్యాను మోత. వంటింట్లోంచి అసలు నవ్వు.

“నేను పిలిస్తె రారు గద. డబ్బ పిలిస్తెనన్న వస్తరేమో అని” అంది.

“ఇది మోసం. నువ్వు అక్కడున్నావు, గొంతు ఇక్కడుంది.”

“అన్నం మాత్రం ఈడనే ఉంది. ముట్టి చూస్కోండ్రి, సల్లగైందో లేదో. మీకు రుజువు గావాలె గద ప్రతిదానికి.”

నన్ను అలా దెప్పడం ఆమెకు సరదా. కూరలో ఉప్పెక్కువైందని తనే చెప్పినా నేను రుచి చూసిగాని ఒప్పుకోనని, చుట్టాలొస్తే చాలు, నా ముందే చెప్పేది. అది నిజం కూడా.

కిందటేడు వానాకాలంలో ఆమె పోయింది. జ్వరంతో మొదలై, నిజామాబాద్ దవాఖానలో ముగిసింది. ఆ వ్యాధి పేరు, దాని గమనం, చేసిన వైద్యం అన్నీ నేను చదివి, అడిగి తెలుసుకున్నాను. ఎవరి పొరపాటూ నాకు కనబడలేదు. తప్పు పట్టడానికి ఎవరూ మిగలకపోవడం కూడా ఒక కష్టమేనని అప్పుడు తెలిసింది.

దినవారాలయ్యాక మొదటిసారి ఏదో పనికి కంప్యూటర్ తెరిచి, మూసేటప్పుడు ఆ మాట సంగతే గుర్తు లేదు. అది వినిపించింది. అమ్మాయి పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం నేను దాన్ని తెరిచి, అది పూర్తిగా లేచేదాకా ఆగి, వెంటనే బంద్ చేసేవాణ్ణి. మాట వినిపించాక వంటింట్లోకి వెళ్ళి ఇద్దరం అన్నం తినేవాళ్ళం. దీన్ని గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మా అత్తమ్మ మాత్రం దాచుకునే మనిషి కాదు. ఆమెది కోటగిరి దగ్గర కాలువ కింది ఊరు. షేర్ ఆటో దిగి, సంచి గడపలో పెట్టి, నీళ్ళయినా తాగకముందే అడిగేది: “గా డబ్బ ఓపారి బంద్ చెయ్యి అయ్యా, బిడ్డ మాట్లాడుతది.”

“అత్తమ్మా, మాట్లాడటం కాదది. ఎప్పుడో అన్న మాట. అందులో నిలిచి ఉంది, అంతే” అని నేను ప్రతిసారీ సరిచేసేవాణ్ణి.

“ఏదో ఒకటి తీయయ్యా. నువ్వు చెయ్యి, నేను వింట.”

వినేది. విన్నాక కొంగుతో ముఖం తుడుచుకుని, “గట్లనే అంటుండె. సల్లగైతుంది, సల్లగైతుంది అని నన్ను గూడ తిననియ్యకపోతుండె నిమ్మలంగ” అనేది.

ఆ ధ్వని ఒక ఫైలు అని నాకు తెలుసు. దాన్ని వెతికి, మరో చోట నకలు పెట్టుకోవడం చిన్న పని. ప్రశ్నపత్రాలకు, ఫొటోలకు అలాంటి నకళ్ళు నా దగ్గర ఒకటికి రెండున్నాయి. ఆమె మాటకు మాత్రం తీయలేదు. నకలు తీస్తే అది ఎప్పుడంటే అప్పుడు, ఎన్నిసార్లంటే అన్నిసార్లు మోగించగల వస్తువైపోతుంది. ఆమె పెట్టిన చోట ఉన్నంతకాలం అది పనయ్యాక నన్ను పిలిచే పిలుపు. ఈ రెంటికీ తేడా ఉందని నేను ఏ పరీక్షలోనూ రుజువు చేయలేను. కాని ఆ తేడా మీదే ఏడాది బతికాను.

కాబట్టి ఆ నల్ల తెర ముందు నాకున్న ప్రశ్న కంప్యూటర్ బాగవుతుందా అనేది కాదు. ఆ మాట ఉందా, పోయిందా? పైగా పెత్రమాస దగ్గరపడింది. పోయినవాళ్ళ పేరు మీద బియ్యమిచ్చి, వాళ్ళకిష్టమైనవి వండే అమావాస్య అది. ఆ రోజుకు అత్తమ్మ వస్తుంది. వచ్చి ఏమడుగుతుందో నాకు తెలుసు.

పద్ధతి ప్రకారం వెళ్ళాను. ముందు కరెంటు ప్లగ్గు మార్చాను. పెట్టె మూత విప్పి దుమ్ము దులిపాను. మెమొరీ పట్టీని తీసి, దాని ఇత్తడి రంగు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. డిస్కు తీగను ఊడదీసి బిగించాను. ఒక్కో మార్పు తర్వాత ఒక్కోసారి తెరిచి చూశాను. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. సందేశం ఒక్క అక్షరమైనా మారలేదు. డిస్కు తిరుగుతున్న చప్పుడు మాత్రం మామూలుగానే ఉంది. అంటే డిస్కు బతికే ఉంది, అందులో సిస్టమ్‌ను లేపే ఫైళ్ళు చెదిరిపోయాయి అనేది సాక్ష్యానికి సరిపోయే ఊహ.

ఎందుకు చెదిరాయి? ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. టేబుల్ దక్షిణానికి ఉండటమేనని ఎదురింటాయన అన్నాడు. అది ఏళ్ళ తరబడి దక్షిణానికే ఉందని గుర్తు చేశాను. అమ్మాయి పెన్‌డ్రైవ్‌తో వైరస్ వచ్చి ఉంటుందని ఇంకొకరు అన్నారు. కావచ్చు, ఆధారం లేదు. నాకు తోచింది వేరు. వరి పొట్టకొచ్చిన రోజులవి. ఉరుములు, మెరుపులు, సాయంత్రమైతే కరెంటు పోతూ వస్తూ ఉంది. బ్యాటరీ పెట్టె ఎప్పుడో చచ్చిపోయింది. సిస్టమ్ ఏదో రాసుకుంటున్న క్షణంలో కరెంటు పోతే ఫైలు సగంలో తెగిపోతుంది. అది ఎక్కువగా రాసుకునేది లేచేటప్పుడు, మూసేటప్పుడు. ఏ పనీ లేకుండా దాన్ని రోజూ లేపి, రోజూ మూసింది నేనే. ఆమె మాట వినడానికి నేను చేసిన పనే ఆ మాటకు ముప్పు తెచ్చిందా? చెప్పలేను. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం చేయకూడదని పిల్లలకు చెబుతాను. ఆ రాత్రి ఆ సూత్రం నన్ను నిద్రపోనివ్వలేదు.

చేయవలసిందేమిటో మాత్రం స్పష్టంగా ఉంది. బాగుచేయడానికి ముందు డిస్కును విప్పి, మరో కంప్యూటర్‌కు తగిలించి, ఆమె మాటను బయటికి తీయాలి. దానికి కావలసిన కేబుల్ మా కాలేజీ ల్యాబులో ఉంది. ల్యాబు తాళం చూసుకునే ఆయన సెలవులో ఉన్నాడు. నేనూ ఆ వారంలో పిట్లం వెళ్ళి అక్కడి కాలేజీలో క్లాసులు చెప్పవలసి ఉంది. అక్కడ భౌతికశాస్త్రానికి మనిషి లేడు. పొద్దున బస్సెక్కుతూ అమ్మాయికి చెప్పాను: “కంప్యూటర్ నేను చూస్తా. తొందరేం లేదు.”

ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది. తొందరేం లేదని తండ్రి అన్నప్పుడు అతని ముఖం ఎలా ఉందో చూడగల వయసు.

పిట్లం నుంచి తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. గేటు తీస్తుండగానే అమ్మాయి ఎదురొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో వెలుగు చూశాను.

“డాడీ, కండ్లు మూస్కో.”

“ఎందుకు?”

“రుజువులు తర్వాత అడుగు. ముందు మూస్కో.”

అది తల్లి మాట్లాడే తీరు. మూసుకున్నాను. చేయి పట్టి నడిపించి కుర్చీలో కూర్చోబెట్టింది. తెరిచేసరికి ఎదురుగా తెర వెలుగుతోంది. దాని మీద మా ముగ్గురి ఫొటో, నిజాంసాగర్ కట్ట మీద తీసుకున్నది.

“ఫ్రెండ్ స్కూటీ మీద పెట్టుకొని బస్టాండ్ కాడి షాపుకు తీస్కవోయిన. పొద్దంత ఆడనే కూసున్న. అన్న మస్తు మంచిగ చేసిండు. ఫొటోలన్నీ ఉన్నయ్. నీ పేపర్లు ఉన్నయ్. ఒక్కటి గూడ పోలేదు, అన్నీ చెక్ చేసిన.” ఒక్క క్షణం ఆగింది. “షాపుల అన్న బంద్ చేయబోతే వద్దని నేనే వైరు పీకేసిన. ఇంటికి తెచ్చి ఆన్ చేసినంక నేను గూడ బంద్ చేయలేదు. నువ్వే చెయ్యి. ఫస్ట్ నువ్వే వినాలె.”

నేను తెర కింది అంచు చూస్తున్నాను. బటన్ల ఆకారం మారింది. రంగు మారింది. మా పాత సిస్టమ్ కాదు అది. డిస్కులో సిస్టమ్ ఉండే భాగాన్ని పూర్తిగా తుడిచి, కొత్తది ఎక్కించారు. ఫొటో ఒక్కటే పాతది. నాకు అప్పుడే తెలిసిపోయింది. పరీక్ష చేయకుండా ఫలితం తెలియడం నా జీవితంలో అరుదు.

“చెయ్యి డాడీ.”

చేశాను. తెర నల్లబడింది. పెట్టెలో ఫ్యాను నెమ్మదించి, ఆగింది. గదిలో ఇంకేమీ వినిపించలేదు.

అమ్మాయి వంగి స్పీకర్ తీగ చూసింది. ఊడదీసి గుచ్చింది. ధ్వని మీట పూర్తిగా తిప్పింది.

“స్పీకర్ సరిగ పెట్టలేదు నేను. ఇంకోపారి.”

“అమ్మా...”

“ఇంకోపారి డాడీ.”

తెరిచాను. లేచేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం. బంద్ చేశాను. ఈసారి తెర నల్లబడకముందే ఆమె నా ముఖం వైపు తిరిగింది. నేను ఎక్కడ చూడాలో తెలియక ఆగిన ఫ్యాను రంధ్రాల వైపు చూశాను.

“మమ్మీ ఏడ వోయింది?” అంది. పదిహేడేళ్ళ పిల్ల. ఆ ప్రశ్న ఆ రూపంలో ఆమె దవాఖానలో కూడా అడగలేదు.

మర్నాడు షాపుకు వెళ్ళాను. బస్టాండు దగ్గర, సెల్‌ఫోన్ల కొట్టుకూ మందుల కొట్టుకూ మధ్య చిన్న గది. రిపేరు చేసినతను నన్ను చూసి స్టూలు లాగాడు.

“ఏంది సార్, మల్ల సతాయిస్తుందా?”

“లేదు. బాగానే ఉంది. సీ డ్రైవ్‌లో ఉన్నదాని నకలు ఏమైనా తీశారా?”

“సీ లదా? డెస్క్‌టాప్ తీసిన, డాక్యుమెంట్లు తీసిన. మీ డీ డ్రైవ్ ముట్టనే లేదు. ఫికర్ చెయ్యకుండ్రి.”

“మిగతా సీ?”

“సార్, సీ అంటె సర్కారు జాగ. అదంత విండోస్‌ది. డీ అంటె మన పట్టా భూమి. మన సామాను సర్కారు జాగల ఎవరు పెట్టుకుంటరు? అందుకే గాడ ఉన్నదంత సాఫ్ చేసి కొత్తది ఎక్కిస్తం. చెల్లెను గూడ అడిగిన, డెస్క్‌టాప్ మీద ఉన్నవి, డీ ల ఉన్నవి ఉంటె చాలా అని. అన్నీ ఉండాలె అన్నా అన్నది. అన్నీ ఇచ్చిన గద?”

అన్నీ ఇచ్చాడు. మా దగ్గర కంప్యూటర్ కొన్న ప్రతివాడికీ మొదటి రోజే నేర్పేది అదే: నీ వస్తువు డీలో పెట్టు, సీని ముట్టకు. నా భార్య తన బడిపిల్లలకు కూడా అలాగే నేర్పింది. కాని గంట మార్చే చోట నొక్కితే ముందుగా తెరుచుకునేది సిస్టమ్ తన ధ్వనులు దాచుకునే సంచీ. ఆమె తన మాటను అక్కడే, వాటి మధ్యన పెట్టింది. అందరూ ఖాళీ అనుకునే సర్కారు జాగాలో గుడిసె వేసుకుంది.

సంగతి చెప్పాను, రెండే వాక్యాల్లో. అతను చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు.

“అయ్యో సార్... చెల్లె చెప్పలేదు సార్.”

“మా అమ్మాయికి తెలియదు. ఆ మాట కంప్యూటర్‌లో ఉందనుకుంది. కంప్యూటర్ బాగైతే అదీ ఉంటుందనుకుంది.”

“కొత్త దాంట్ల బంద్ చేసేటప్పుడు అసలు చప్పుడే రాదు సార్. ఆ గంటనే తీసేసిండ్రు.” తర్వాత, అదేదో ఉపశమనం అన్నట్టు, “ఉన్నా మోగకపోతుండె” అన్నాడు.

తుడిచిన డిస్కులో కూడా పాత జాడలు మిగులుతాయని, వాటి మీద కొత్తవి రాయనంతవరకు వాటిని తవ్వి తీయవచ్చని నాకు తెలుసు. ల్యాబు తెరిచాక డిస్కును అక్కడికి తీసుకువెళ్ళి, వెతికే ప్రోగ్రాం నడిపించాను. చచ్చిపోయిన ఫైళ్ళ పేర్లు తెర మీద వరుసగా దిగుతూ వచ్చాయి. వాటిలో ఇంగ్లీషు అక్షరాల్లో ‘అన్నం’ అన్న పేరు కనబడింది. ఆమె ఆ ఫైలుకు అదే పేరు పెట్టిందన్నమాట. నాకు ఆ రోజు దాకా తెలియదు.

తెరిచాను. హెడ్‌ఫోన్లో ఇసుక జల్లిన చప్పుడు. పేరు మిగిలింది గాని, ఆ చోట కొత్త సిస్టమ్ ఇంకేదో రాసుకుంది. మళ్ళీ విన్నాను. ఇసుక వెనక, చాలా దూరంగా, ‘రాండ్రి’ అన్నట్టు అనిపించింది. మళ్ళీ విన్నాను. ఈసారి ఇంకా స్పష్టంగా ఉంది.

అప్పుడు చేయవలసిన పని ఒకటి ఉంది. దాన్ని చేయకుండా ఉండగలిగితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. ఆమెతో ఏ సంబంధమూ లేని మరో పాడైన ఫైలును ఎంచి, దాన్నీ అలాగే ధ్వనిగా మార్చి, అదే హెడ్‌ఫోన్లో, కళ్ళు మూసుకుని విన్నాను. ఇసుక జల్లిన చప్పుడు. దాని వెనక, చాలా దూరంగా, ‘రాండ్రి.’

హెడ్‌ఫోన్ తీసేశాను. గొంతు ఫైలులో లేదు. వెతుకుతున్న చెవిలో ఉంది. సాక్ష్యం అంతవరకే చెబుతుంది.

ఇంటికి వచ్చి అమ్మాయికి నిజమే చెప్పాను. దొరకలేదు, ఇక దొరకదు అన్నాను. ఆమె ఏడవలేదు. “నేను తీస్కవోకుంటె ఉండేదా?” అని అడిగింది. నిజానికి, ఉండేది. సిస్టమ్ ఫైళ్ళు చెదిరినా ఆ ఒక్క చిన్న ఫైలు చెక్కుచెదరకుండా ఉండే అవకాశమే ఎక్కువ. “అది ముందే పాడై ఉండొచ్చు” అన్నాను. ఉండొచ్చు అన్నది అబద్ధం కాదు. ఆమె నన్ను చాలాసేపు చూసింది. నేను ‘ఉండొచ్చు’ అనే మాటను ఎంత పొదుపుగా వాడతానో ఆ పిల్లకు తెలుసు.

పెత్రమాస నాడు పొద్దున్నే అత్తమ్మ వచ్చింది. సంచిలో చిక్కుడుకాయలు, గుమ్మడికాయ. కూతురికి ఇష్టమని నువ్వుల పొడి. బియ్యమిచ్చే పని అయింది. పప్పుగారెలు వేయించి, ఆకులో పెట్టి, ఆమె పేరు చెప్పుకుని దండం పెట్టాం. ఆ పెట్టడంలో నాకు నమ్మకం లేదు. ఆకులో గారెలు సర్దింది మాత్రం నేనే.

తర్వాత ముగ్గురం ముందు గదిలో కూర్చున్నాం. అత్తమ్మ కాళ్ళు చాపుకుని, టేబుల్ వైపు చూసి, నేను ఎదురుచూస్తున్న మాట అంది.

“గా డబ్బ ఓపారి బంద్ చెయ్యి అయ్యా. ఇయ్యాల బిడ్డ మాట్లాడాలె.”

నేను నోరు తెరిచాను. ఏం చెప్పాలో కూర్చుకుని ఉన్నాను, పోయిందని, ఎలా పోయిందని. నాకన్నా ముందు అమ్మాయి అందుకుంది.

“కరెంటు లేదవ్వా.”

మా నెత్తి మీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. గోడమీది క్యాలెండర్ దాని గాలికి కొట్టుకుంటోంది. అమ్మాయి తలవంచుకుని తన చేతుల వైపే చూస్తోంది. అత్తమ్మ తల పైకెత్తి ఫ్యానును చూసింది. తర్వాత మనుమరాలిని చూసింది. తర్వాత నన్ను.

“అవు బిడ్డా” అంది, మెల్లగా. “లేదు కరెంటు. పొద్దటిసంది లేదు.”

అని, కొంగు చేతిలోకి తీసుకుని విసురుకోవడం మొదలుపెట్టింది. మనుమరాలి వైపు కూడా విసిరింది.

నేను ఏ ప్రకటననూ పరీక్షించకుండా వదిలినవాణ్ణి కాను. లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, ఫ్యాను బంద్ చేశాను. రెక్కలు ఒక్కొక్కటిగా కనబడుతూ, నెమ్మదించి, ఆగేదాకా ముగ్గురం పైకే చూస్తూ ఉన్నాం.